అప్‌డేట్: దవడ నొప్పికి కారణం జ్ఞానదంతం కాదట

పొద్దున లేవగానే కుడి దవడ పట్టేస్తోంది, ఆవలిస్తే చెవి దగ్గర టక్కుమంటోంది, జ్ఞానదంతమేనా అని అడిగాను కదా. కాదు. డెంటిస్టు ఎక్స్‌రే తీసి పళ్లన్నీ బాగానే ఉన్నాయన్నారు. నిద్రలో పళ్లు కొరుకుతున్నానట, దాంతో దవడ కండరాలు, కీలు అలిసిపోతున్నాయి. మా ఆవిడ ఎప్పటినుంచో చెప్తున్న మాటే, ఈసారి ఫీజు కట్టి విన్నాను.

మందులకంటే అలవాట్ల గురించే ఎక్కువ చెప్పారు. పెదాలు కలిసి ఉన్నా పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు. వినడానికి తేలికే, కానీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అవి వాటంతటవే బిగుసుకుంటాయి! జంతికలు, చూయింగ్ గమ్ బంద్. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి. రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోవడానికి పళ్ల కొలత తీసి నైట్ గార్డ్ (పళ్లకు తొడుగు) చేసిచ్చారు. అది పళ్లు అరగకుండా కాపాడుతుందే తప్ప కొరకడం మాన్పించదని ముందే చెప్పారు.

నొప్పి చాలా తగ్గింది. టక్కుమనడం మాత్రం ఉంది. నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదట.

గుండె నొప్పేమో చూసుకోమన్నవాళ్లూ ఉన్నారు. నా విషయంలో కాదు. కానీ ఛాతీలో బరువు, చెమట, ఆయాసంతో పాటు దవడ లాగితే డెంటిస్టు దగ్గరికి కాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.