గోపాలపూర్ కబాడీలో (పాత ఇనప సామాను కొట్లో) కొన్న పాత గ్యాస్ గ్రిల్: ఏం మార్చాలి, ఏం ఉంచాలి?

ప్రశ్న (ఒడిశాలోని బరంపురం నుంచి)

అందరికీ నమస్కారం. గోపాలపూర్‌లో ఒక రిసార్టు మూసేస్తూ సామాన్లన్నీ కబాడీకి వేసేసింది. అందులో చక్రాల బండి మీద మూడు బర్నర్ల గ్యాస్ గ్రిల్ ఒకటి కంటబడింది. కబాడీ ఆయన "ఠిక్ అఛి బాబూ, సబు ఠిక్ అఛి" (బాగుంది బాబూ, అంతా బాగుంది) అంటూ కాటా మీద పెట్టి, తూకం లెక్కన 2,800కి ఇచ్చేశాడు. ఇంటికి తెచ్చి మూత ఎత్తాక తెలిసింది అది ఎంత ఠిక్‌గా ఉందో.

పరిస్థితి ఇదీ. బర్నర్లు పొడుగాటి గొట్టాల్లా ఉన్నాయి. నడిమిది అడుగున తుప్పు తిని వేలు దూరేంత కన్నం పడింది. వాటి మీద బోర్లించే కోణం రేకులు రెండు ముట్టుకుంటే అప్పడంలా విరిగిపోయాయి. పైన మాంసం పెట్టే జాలీ పోతఇనుముది, తుప్పుంది గానీ గట్టిగానే ఉంది. చిటుక్కుమనే లైటర్ బటన్ పనిచేయదు. మూత లోపల పెయింటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది.

ఆగలేక నిన్న ఇంటి సిలిండర్‌కి తగిలించి ఎడమ బర్నర్ వెలిగించాను. భుస్సుమని ఒక శబ్దం, మంట బర్నర్ మీద కాకుండా నాబ్ వెనకాల కనబడింది. వెంటనే కట్టేశాను. చేతి మీద వెంట్రుకలు కాలాయి, అంతకు మించి ఏం కాలేదు.

అడిగేవి మూడు. ఏయే పార్టులు మార్చాలి? హోటల్ భట్టీకి వాడే పెద్ద రెగ్యులేటర్ పెడితే మంట బాగా వస్తుందని ఒకాయన అన్నాడు, పెట్టొచ్చా? కొత్త జాలీ బదులు జి.ఐ. మెష్ కోసి వేస్తానని మా వీధి వెల్డర్ అంటున్నాడు, వేయించుకోవచ్చా? మా ఆవిడ మాత్రం "ఇనప సామాను కొనుక్కొచ్చి మళ్లీ ఇనప సామానుకే వేస్తారా" అంటోంది.

జవాబు (పర్లాకిమిడి, స్టవ్ రిపేరు)

బాబూ, ముందు ఆ సిలిండర్ రెగ్యులేటర్ ఊడదీసి పక్కన పెట్టు. నేను చెప్పేది అయ్యేదాకా మళ్లీ తగిలించకు.

నాబ్ వెనక మంట కనబడిందంటే గ్యాస్ బర్నర్ గొట్టంలోకి సాఫీగా పోవడం లేదు. గ్యాస్ జెట్‌లోంచి, అంటే సన్న కన్నమున్న ఇత్తడి ముక్కలోంచి, సన్నటి ధారగా బయటికి వస్తుంది. బర్నర్ మూతి ఆ జెట్ మీద తొడుక్కుని ఉంటుంది. ధార వేగానికి పక్క కిటికీలోంచి గాలి లోపలికి లాక్కుని, రెండూ కలిసి పోయే దారిని మేం మిక్సింగ్ ట్యూబ్ అంటాం. ఆ దారిలో ఏదైనా అడ్డం ఉంటే గ్యాస్ వెనక్కి తన్ని మూతి దగ్గరే అంటుకుంటుంది. నూటికి తొంభై సార్లు అక్కడ ఉండేది సాలెగూడు. నవ్వకు. నాలుగు నెలలు వాడకుండా పెట్టిన స్టవ్వులోనే పురుగులు గూళ్లు కడతాయి, నీది ఎన్నేళ్లు వాడకుండా పడి ఉందో.

బర్నర్లు మూడూ బయటికి లాగు. వెనక ఒక్క పిన్నో బోల్టో ఉంటుంది, తుప్పుకి కదలకపోతే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్. సీసాలు కడిగే పొడుగు బ్రష్షు మూతిలోంచి దూర్చి అవతలి చివరిదాకా తిప్పు. తర్వాత మూతికి కన్ను పెట్టి వెలుతురులో చూడు.

జెట్‌ని సూదితోనో మేకుతోనో పొడవకు. ఎల్పీజీ జెట్ కన్నం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, ఇత్తడి మెత్తన. పొడిచి పొడిచి పెద్దది చేశావో, ఇక ఎప్పటికీ పసుపు మంటే. కిరసనాయిలులో నానబెట్టి గాలి ఊదితే చాలు.

కన్నం పడ్డ బర్నర్‌కి వెల్డింగు చేయిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. నేనైతే చేయించను. ఒకచోట పడిందంటే పక్కన రేకు కాగితంలా అయిపోయి ఉంటుంది.

జవాబు (ఛత్రపూర్ నుంచి)

రెగ్యులేటర్ సంగతి నేను చెప్తాను. ఆ హోటల్ రెగ్యులేటర్ మాట అన్నవారికి దూరంగా ఉండండి.

మన ఇళ్లలో వాడే రెగ్యులేటర్ దాదాపు 30 మిల్లీబార్ ఒత్తిడితో గ్యాస్ వదులుతుంది. భట్టీలకు పెట్టే హైప్రెషర్ రెగ్యులేటర్ అంతకు పదిహేను, ఇరవై రెట్లు, తిప్పితే ఇంకా ఎక్కువ కూడా వదులుతుంది. గ్రిల్ నాబ్ కింద ఉండే గ్యాస్ కాక్‌లు (గ్యాస్‌ని తెరిచి మూసేవి) దానికి తట్టుకునేవి కావు. లీకు కాకపోయినా మంట బర్నర్ మీద నిలవకుండా పైకి ఎగిరి ఆరిపోతుంది. ఆరిన దగ్గర్నుంచి వచ్చేది వట్టి గ్యాసే.

మీ గ్రిల్ వెనకో, కింది అర తలుపు లోపలో ఒక రేకు ముక్క ఉంటుంది. దాని ఫోటో పెట్టండి. ప్రొపేన్ లేదా ఎల్పీజీ అని ఉండి, ఒత్తిడి 11 అంగుళాల నీటి మట్టం అని ఉంటే అమెరికా లెక్క. అది సుమారు 27 మిల్లీబార్, కాబట్టి మన ఇంటి రెగ్యులేటర్ దానికి సరిపోతుంది. నేచురల్ గ్యాస్ అని ఉంటే మాత్రం కథ వేరు. దాని జెట్ కన్నాలు పెద్దవి, మన సిలిండర్ తగిలిస్తే మూత దాటి మంట లేస్తుంది. అప్పుడు జెట్‌లు మూడూ మార్చాల్సిందే.

పాత రబ్బరు ట్యూబు ఎంత బాగా కనబడినా పారేయండి. స్టీలు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబు, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. మీటరున్నర మించొద్దు. దాని ఆయుష్షు ఐదేళ్లు, తారీఖు ట్యూబు మీదే అచ్చేసి ఉంటుంది. విదేశీ గ్రిల్ అయితే చివర మర మనదాంతో కలవదు. ఇత్తడి నాజిల్ ఒకటి లేతు మిషను దగ్గర అదే మరతో చేయించండి. టెఫ్లాన్ టేపు చుట్టి ఎలాగోలా ఇరికించే పని పెట్టుకోవద్దు.

జవాబు (జయపురం, ఫ్యాబ్రికేషన్ పని)

జి.ఐ. మెష్ వద్దే వద్దు. జి.ఐ. అంటే ఇనుము మీద జింకు పూత. మామూలు ఎండకీ వానకీ అది బంగారం. నిప్పు మీద పెడితే జింకు పొగ వస్తుంది, ఆ పొగ పీల్చినవాళ్లకి జ్వరం, వణుకు పట్టుకుంటాయి. వెల్డర్లకి ఇది బాగా తెలుసు, మీ వీధి ఆయనకి కూడా తెలిసే ఉండాలి. మీ పోతఇనుము జాలీ గట్టిగా ఉందన్నారుగా, దాన్నే ఉంచుకోండి.

కోణం రేకులు స్టెయిన్‌లెస్‌లో ఇక్కడే చేయించుకోవచ్చు. పాత ముక్క ఒక్కటి కొలతకి చాలు. పొడవు, వెడల్పు, వంపు ఎత్తు అంతే ఉండాలి, అవతలి పక్క గూట్లో ఆనాలి. మందం 1.2 మిల్లీమీటర్లు తీసుకోండి, పల్చని రేకు వేడికి మెలితిరుగుతుంది. ఇక స్టెయిన్‌లెస్‌లో 304 గ్రేడు అని చెప్పి చవక రకం 202 అంటగడతారు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని అందరూ అంటారు గానీ అది సగమే నిజం. 430 రకం అయస్కాంతానికి అంటుకుంటుంది, అది దొరికిపోతుంది. 202, 304 రెండూ దాదాపు అంటుకోవు. కాబట్టి నమ్మకమున్న కొట్లో బిల్లు మీద గ్రేడు రాయించుకోవడమే దారి. గోపాలపూర్ ఉప్పుగాలి తిన్న సరుకు మీది, చవకది వేస్తే రెండు వానాకాలాలు ఆగదు.

బర్నర్లు మాత్రం నా దగ్గరికి వచ్చినా చేయను. గొట్టానికి వరసగా కన్నాలు వేయడం పెద్ద పని కాదు, కన్నాల మొత్తం వైశాల్యం జెట్‌కి కుదరాలి కదా. ఆన్‌లైన్‌లో పొడవు సర్దుకునే యూనివర్సల్ బర్నర్లు దొరుకుతున్నాయి. ఆర్డర్ పెట్టే ముందు పాతదాని మూతి లోపలి వెడల్పు, మూతి నుంచి వెనక పిన్ను కన్నం దాకా పొడవు కొలుచుకోండి.

జవాబు (రాయగడ నుంచి)

అన్నయ్యగారూ, శుభ్రం చేయడం గురించి ఒక్క మాట. జిడ్డు వదలాలని కాస్టిక్ సోడా మాత్రం పోయకండి! మా మరిది అలాగే చేశాడు. ఆ గ్రిల్ కింద పెట్టె అల్యూమినియం పోత. కాస్టిక్ పడగానే బుసబుసా పొంగి, కడిగి చూస్తే నల్లగా గుంటలు గుంటలుగా అయిపోయింది. మీ పెట్టెకి అయస్కాంతం అంటుకోకపోతే అల్యూమినియమే అనుకుని జాగ్రత్త పడండి. వేడినీళ్లు, గిన్నెల సబ్బు, అట్లకాడతో గీకితే చాలు, చేయి నొప్పి పుడుతుందంతే.

మూత లోపల ఊడుతున్నది పెయింటు కాదండి. చాలా గ్రిల్స్‌కి మూత లోపల పెయింటే ఉండదు. ఏళ్ల తరబడి పట్టిన నూనె పొగ గట్టిపడి పెచ్చులు కడుతుంది. గీకేయండి, మళ్లీ ఏ రంగూ వేయొద్దు.

జాలీని ఇసుక కాగితంతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరాక నూనె పల్చగా రాసి కాల్చండి. దోసె పెనం పదును చేసినట్టే, రెండు మూడుసార్లు. ఇనప తీగల బ్రష్షు వాడితే తీగ ముక్క జాలీకి అంటుకుని తిండిలోకి వస్తుంది. మేం కొబ్బరి పీచు వాడతాం.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తర్వాత)

అందరికీ దండాలు. పర్లాకిమిడి బాబాయిగారూ, మీ మాటే నిజమైంది. ఎడమ బర్నర్ మూతిలోంచి దూది ఉండలాంటి తెల్లటి గూడు వచ్చింది, లోపల ఎండిపోయిన సాలీడు కూడా. కుడిదాంట్లో సాలీడు కాదు, మట్టి. కందిరీగ గూడు అనుకుంటా, గట్టి పలుకులుగా రాలింది. రెండూ బాగుపడ్డాయి. నడిమి బర్నర్ ఒక్కటే కొన్నాను.

వెనక రేకు మీద ప్రొపేన్, 11 అంగుళాలు అనే ఉంది. ఇంటి రెగ్యులేటరే పెట్టాను. నాజిల్ లేతు మీద చేయించాను, సురక్షా ట్యూబు కొత్తది. కోణం రేకులు మూడూ చేయించాను. లైటర్‌లో పింగాణీ గొట్టం పగిలి నిప్పురవ్వ పక్కనున్న ఇనుముకి దూకేస్తోంది. అది మార్చి, కొస బర్నర్‌కి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో వంచాక టక్కున అంటుకుంటోంది.

సబ్బు నురగ పరీక్షలో నాబ్‌లన్నీ కట్టేసి రెగ్యులేటర్ తెరిచాను. మొదట ఏం లేదు. ఒక నిమిషం ఆగాక కుడి నాబ్ కాడ మొదట్లో ఆవగింజంత బుడగ లేచి, మెల్లగా సెనగ గింజంత అయి పగిలింది. మళ్లీ ఇంకోటి. వాసన అసలు రాలేదు! దీనికి కాక్ మొత్తం మార్చాలా?

జవాబు (పర్లాకిమిడి)

నిమిషం ఆగి చూశావు, మంచి పని చేశావు. చాలామంది నురగ పూసి వెంటనే తుడిచేస్తారు. ఆరుబయట గాలికి అంత చిన్న లీకు వాసన తెలియదు. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కిందికి దిగి బండి అడుగు అరలో పేరుకుంటుంది. అందుకే సిలిండర్ ఆ అరలో పెట్టకు, పక్కన నేల మీద నిలబెట్టు.

కాక్ ఊడదీసి మంచి మెకానిక్‌కి ఇస్తే లోపలి ఇత్తడి కోను తుడిచి, కాక్ గ్రీజు పెట్టి ఇస్తాడు. మామూలు గ్రీజు వేడికి కరిగి జెట్‌లోకి పోతుంది, అది వద్దు. ఆ తర్వాత కూడా బుడగ వస్తే కాక్ మార్చెయ్, ఆలోచించకు. అప్పటిదాకా మిగతా రెండూ బాగున్నాయి కదా అని వెలిగించకు, మూడింటికీ గ్యాస్ వచ్చే పైపు ఒక్కటే.

జవాబు (ఛత్రపూర్)

ఒక మాట కలుపుతాను. వెలిగించేటప్పుడు మూత ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ కట్టేసి ఐదు నిమిషాలు ఆగండి. మూత వేసి ఉండగా రెండోసారి బటన్ నొక్కిన వాళ్లకే కనుబొమలు పోయేది. మూడు బర్నర్లూ ఫుల్‌గా పెడితే గంటకు ముప్పాతిక కిలో దాకా గ్యాస్ తాగుతుంది, 14.2 కిలోల సిలిండర్ ఇరవై గంటలు కూడా రాదు. ఇంట్లో సరదాకి సరే, రేపు బీచ్ దగ్గర బండి పెట్టి అమ్మాలనుకుంటే మాత్రం ఇంటి సిలిండర్ వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ తీసుకోవాలి. ఎక్కడైనా లీకు అదుపు తప్పితే ఫోన్ చేయాల్సిన నంబరు 1906.

ప్రశ్న అడిగినవారు

కాక్ సర్వీసు చేయించాను, ఈసారి ఐదు నిమిషాలు చూసినా బుడగ లేదు. ఇరవై నిమిషాలు ఖాళీగా ఫుల్‌లో కాల్చాను, పొగంతా పోయింది. ఆదివారం చిలికా రొయ్యలు తెచ్చాం. ఒడియా పక్కింటివాళ్లనీ పిలిచాం, వాళ్లబ్బాయే ఎక్కువ తిన్నాడు. మా ఆవిడ ఇప్పుడు దాన్ని ఇనప సామాను అనడం లేదు, "మన గ్రిల్" అంటోంది.

ఒక్కటే మిగిలింది. కొత్తగా వేసిన నడిమి బర్నర్ మంట మొదట్లో నీలంగానే ఉంది, చివర మాత్రం పసుపు పచ్చగా నాలుకలు చాపుతోంది. అటువైపు రొయ్యలకి మసి పట్టింది.

జవాబు (పర్లాకిమిడి)

గాలి చాలడం లేదు. కొత్త బర్నర్ మూతి దగ్గర గాలి కిటికీ మీద చిన్న తిరిగే రేకు, దానికొక స్క్రూ ఉంటాయి. కంపెనీ నుంచి ఒక్కోసారి సగం మూసే వస్తాయి. స్క్రూ వదులు చేసి, రేకు కొంచెం కొంచెంగా తెరుస్తూ సాయంత్రం మసక వెలుతురులో మంట చూడు. పసుపు పోయి నీలం నిలబడ్డ చోట ఆపు. ఇంకా తెరిస్తే మంట గొట్టం మీంచి లేచి గర్రుమంటుంది, అక్కణ్నుంచి ఒక వెంట్రుకవాసి వెనక్కి తిప్పి బిగించెయ్. బర్నర్ చల్లారాకే చేయి పెట్టు.

వానాకాలం మూసిపెట్టేటప్పుడు మూడు మూతులకీ సన్నటి స్టీలు జల్లెడ ముక్క కట్టు, లేకపోతే సాలీళ్లు మళ్లీ దిగుతాయి. ఆ రొయ్యలకి ఏం పట్టించారో కూడా రాయమని మీ ఆవిడకి చెప్పు.

ప్రశ్న అడిగినవారు

రేకు పావు వంతు తెరిస్తే సరిపోయింది బాబాయ్, ఇప్పుడు మూడూ నీలమే. రొయ్యలకి అల్లం వెల్లుల్లి, ఆవపిండి, పసుపు, కాస్త పెరుగు. ఆవపిండి మాత్రం పక్కింటివాళ్ల సలహా.