‘మస్ట్’కు వ్యతిరేకం ‘కాంట్’ ఎందుకైంది? ఇంగ్లీషు మోడల్ వెర్బ్‌లలో సంభావ్యత, నిశ్చయం

ప్రశ్న: హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్

నేను తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లీషు చెబుతాను. మోడల్ వెర్బ్‌ల (మస్ట్, మే, కెన్ లాంటి సహాయక క్రియల) పాఠం వచ్చినప్పుడల్లా, ఏ మాట ఎంత నిశ్చయాన్ని తెలుపుతుందో చూపే, గైడ్లలో కనిపించే శాతాల పట్టికనే బోర్డు మీద వేయడం మా దగ్గర ఆనవాయితీ. మస్ట్ అంటే 95 శాతం, మే అంటే 50, మైట్ అంటే 30, కాంట్ అంటే సున్నా అన్నట్టుగా ఉంటుంది ఆ పట్టిక. అంకెలు మాత్రం గైడుకో రకంగా మారుతుంటాయి. ఈసారి ఒక విద్యార్థిని లేచి, “హీ మస్ట్ బీ ఎట్ హోమ్ అంటే ఇంట్లో ఉండి ఉండాలి అని అర్థమైతే, హీ మస్ట్ నాట్ బీ ఎట్ హోమ్ అంటే ఇంట్లో ఉండి ఉండడు అని ఎందుకు కాకూడదు సార్?” అని అడిగింది. అది వాడుక, అంతే అని దాటవేయడం నాకు ఇష్టం లేదు. దీనికి సరైన కారణం ఏమిటో, అసలు ఆ శాతాల పట్టికను నమ్మవచ్చో లేదో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1: వ్యాకరణాభిమాని

ఆ అమ్మాయి అడిగినదానికి సగం జవాబు ఆమె మాటలోనే ఉంది. “వాడు ఇంట్లో ఉండి ఉండాలి” అన్న ఊహకు వ్యతిరేకంగా మనం “ఉండి ఉండడు” అంటామే తప్ప “ఉండి ఉండకూడదు” అనము. కూడదు అన్న క్షణంలో అది ఊహ కాక నిషేధం అయిపోతుంది. ఇంగ్లీషులోనూ మస్ట్ నాట్ అన్న రూపం ప్రధానంగా నిషేధానికే స్థిరపడింది కాబట్టి, “ఉండే అవకాశమే లేదు” అని చెప్పవలసి వచ్చినప్పుడు కాంట్ ఆ పని చేస్తుంది: హీ కాంట్ బీ ఎట్ హోమ్. అయితే అమెరికన్ల మాటల్లో “హీ మస్ట్ నాట్ బీ హోమ్” అని ఊహార్థంలోనూ వినిపిస్తుంది కనుక, అది పూర్తిగా తప్పని పిల్లలకు చెప్పకండి. మన పాఠ్యపుస్తకాలు అనుసరించే బ్రిటిష్ పద్ధతిలో కాంట్ వాడతారని చెబితే సరిపోతుంది.

ఇంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. నాట్ అనే మాట దేన్ని కాదంటోంది అన్నది ఒక్కో మోడల్‌తో మారుతుంది. “ది కీస్ మే నాట్ బీ ఇన్ ది కార్” అంటే తాళాలు కారులో లేకపోవచ్చు, ఉండనూ వచ్చు. ఇక్కడ నాట్ కాదంటున్నది కారులో ఉండడాన్ని మాత్రమే, అవకాశాన్ని కాదు. “ది కీస్ కాంట్ బీ ఇన్ ది కార్” అన్నప్పుడు మాత్రం నాట్ అవకాశాన్నే కొట్టిపారేస్తుంది. అందుకే మైట్, కుడ్ రెండూ నాట్ లేని వాక్యంలో ఇంచుమించు ఒకే అర్థం ఇస్తున్నా, నాట్ చేరేసరికి దారులు వేరవుతాయి: మైట్ నాట్ అనుమానంగానే మిగులుతుంది, కుడ్ నాట్ కాంట్ వైపు వెళ్లిపోతుంది. ఏ శాతాల పట్టికా ఈ తేడాను చూపలేదు.

సమాధానం 2: నివేదికలు రాసే ఉద్యోగి

పట్టిక విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది: దాన్ని బోర్డు మీద నుంచి తుడిచేయడమే మంచిది. మోడల్ తెలియజేసేది సంఘటన జరిగే శాతాన్ని కాదు, చెప్పే మనిషి ఏ ఆధారంతో ఆ మాట అంటున్నాడన్న సంగతిని. పక్కింట్లో దీపం వెలుగుతూ, గేటు దగ్గర స్కూటర్ ఉంటే “దే మస్ట్ బీ ఎట్ హోమ్” అంటాము. వాళ్లను కళ్లారా చూశాక “దే ఆర్ ఎట్ హోమ్” అంటామే గాని మస్ట్ జోలికి వెళ్లము. అంటే మస్ట్ ఎంత గట్టిగా వినిపించినా, మోడల్ లేని మామూలు వాక్యం కన్నా అది బలహీనమే. రోజూ పాలవాడు వచ్చే వేళకు తలుపు చప్పుడైతే “దట్ విల్ బీ ది మిల్క్‌మ్యాన్” అంటారు. అక్కడి ఆధారం అలవాటు. ఆరింటికి హైదరాబాద్‌లో బయలుదేరిన విజయవాడ బస్సు గురించి తొమ్మిదింటికి “ఇట్ షుడ్ బీ ఇన్ సూర్యాపేట బై నౌ” అంటే, దాని వెనుక ఉన్నది లెక్క. షుడ్ సాధారణంగా మనం కోరుకునే ఫలితానికే నప్పుతుంది కాబట్టి, బస్సు చెడిపోతుందన్న అంచనాను షుడ్‌తో చెబితే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

నిజంగా అంకెలు కావలసినవారు మోడల్స్‌ను ఆశ్రయించరు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ తన నివేదికల్లో లైక్లీ అంటే 66 నుంచి 100 శాతం, వెరీ లైక్లీ అంటే 90 నుంచి 100, వర్చువల్లీ సర్టెన్ అంటే 99 నుంచి 100 అని ముందే నిర్వచించుకుని రాస్తుంది. అలా ఒప్పందం చేసుకుంటే తప్ప మాటకు అంకె అతకదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మా పిల్లలు “ఇట్ కెన్ రెయిన్ టుమారో” అని, “ఇట్ మస్ట్ రెయిన్ టుమారో” అని కూడా రాస్తారు. వీటిని ఎలా సరిదిద్దాలి? భూతకాలం గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

సమాధానం 3: అనువాదకురాలు

కెన్ చెప్పేది ఒకదాని స్వభావంలో ఉన్న అవకాశాన్ని. “ఇట్ కెన్ రెయిన్ హెవిలీ ఇన్ అక్టోబర్” అంటే కోస్తాలో అక్టోబరు తీరే అంత అని. రేపటి వానలాంటి ఒక్క సంఘటనకు మే, మైట్, కుడ్ వాడాలి. మస్ట్ ఊహార్థంలో ఎదుట ఉన్న ఆనవాళ్ల నుంచి ఇప్పటి స్థితికో గడిచినదానికో వెళుతుంది. రేపటి జోస్యానికి అది సాధారణంగా పనికిరాదు.

భూతకాలంలో మే హావ్, మైట్ హావ్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. “ది హెల్మెట్ మే హావ్ సేవ్డ్ హిమ్” అంటే మనిషి బతికాడు, బహుశా హెల్మెట్ వల్లనే కావచ్చు. “ఎ హెల్మెట్ మైట్ హావ్ సేవ్డ్ హిమ్” అంటే ఎక్కువగా హెల్మెట్ లేదు, మనిషీ లేడు అనే అర్థం. పత్రికలు ఈ తేడాను తరచూ చెరిపేస్తుంటాయి గాని, అనువాదంలో అది ప్రాణం మీదికి వచ్చే తేడా. కుడ్ హావ్‌కూ రెండు ముఖాలున్నాయి: “హీ కుడ్ హావ్ మిస్డ్ ది ట్రెయిన్” అనుమానం, “యూ కుడ్ హావ్ టోల్డ్ మీ” నిష్ఠూరం.

తరగతిలో పట్టికకు బదులు ఒక దృశ్యం ఇచ్చి చూడండి. పొద్దున్నే వీధి తడిగా ఉంది, అందరూ “ఇట్ మస్ట్ హావ్ రెయిన్డ్” అంటారు. ఎదురింటి మిద్దె పొడిగా ఉందని అప్పుడు చెప్పండి. “ఇట్ కాంట్ హావ్ రెయిన్డ్” అని వాళ్లే మారుస్తారు. తడి మలుపు దాకా సన్నని గీతలా సాగిందని కూడా చెబితే, “ఎ వాటర్ ట్యాంకర్ మస్ట్ హావ్ లీక్డ్” అని ఎవరో ఒకరు అంటారు.