మూడేండ్ల పాపతోని క్రిస్మస్: ఇంట్ల ఏమేం చేయొచ్చు?

మిర్యాలగూడ_అమ్మ: స్టార్, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ, ఓవెన్ లేకుండ కేకు, ఈ మూడింట్ల పాప చెయ్యి పడాలె. క్రిస్మస్ తాత వేషానికి ఏడిస్తే ఏం చేయాలె?

పాలమూరు_వెదురు: స్టార్ చెప్త. రెండడుగుల వెదురు బద్దలు పది. అయిదేసి కలిపి రెండు స్టార్లు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు అయిదూ జోడించాలె. లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్ల ఆరంగుళాల పుల్లలు అడ్డంగ పెడితే పొట్ట లేస్తది. పుల్ల ఇంకా పొడుగైతే కొసల దారం తెగుతది. బద్ద పొడుచుకుంటది, గీకుడు పని పెద్దోళ్లదే. పాపకు కాయితం అంటిచ్చుడు ఇయ్యండి.

దేవరకొండ_టీచర్: మైదా జిగురు వాడకండి, డిసెంబరు మంచుకు తెల్లారేసరికి ఊడుతది, ఎలుకలు కూడ కొరుకుతయి.

పాలమూరు_వెదురు: మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) చిటికెడు కలిపితే ఎలుకలు రావంటరు.

సూర్యాపేట_నర్సక్క: మూడేండ్ల పిల్ల వేళ్లు నోట్ల పెట్టుకుంటదని తెలువదా? అది విషం! ఫెవికాల్ చాలు. లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ నడిమధ్యన వేలాడాలె, కాయితానికి తగలొద్దు. పాటలు పాడే బొమ్మల గుండీ బ్యాటరీ ఉంటది, మూతకు స్క్రూ లేకుంటే కొనకండి. మింగితే రెండు గంటలల్లనే గొంతు కాలుతది, నొప్పి కోసం చూడకుండ ఆస్పత్రికి ఉరకాలె.

వనపర్తి_క్రిబ్: పాక కొచ్చేద్దాం. బొమ్మలకు చెరువు బంకమన్ను నాలుగు పాళ్లకు సన్న ఇసుక ఒక పాలు. తల, ఒళ్లు ఒకే ముద్దల తీయాలె, అతికిస్తే మెడకాడ పగులుతది. ఎండల పెట్టొద్దు, నీడల మూడు దినాలు. ఒక పళ్లెంల తడిగుడ్డ మీద 17న ఆవాలు చల్లిస్తే పండుగకు పచ్చిక తయారు, నీళ్లు చిలకరించుడు పాప పని. నక్షత్రం చూసి బాలయేసు కోసం వచ్చిన ముగ్గురు జ్ఞానులను, బాలయేసు పండుకున్న తొట్టికాడ పెట్టండి.

దేవరకొండ_టీచర్: జ్ఞానులు తొట్టికాడికి రాలే. మత్తయి 2:11 చదవండి, "ఇల్లు" అని ఉంది. ముగ్గురని కూడ లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం మూడు కానుకలు, అంతే. కిటికీల పెట్టి, రోజుకింత జరుపుతూ జ్ఞానులు వచ్చిన పండుగ, జనవరి 6కు పాకకాడికి చేర్చాలె.

వనపర్తి_క్రిబ్: నల్గొండ మేత్రాసనం (బిషపు కింద ఉండే ప్రాంతం) గుళ్లల్ల పోయి చూడు సారూ, 25నే కనిపిస్తరు. బొమ్మల పాక ప్రవచనం కాదు, పండుగ!

దేవరకొండ_టీచర్: గట్లయితే స్టార్ కూడ తీసెయ్యి. యేసు పుట్టిన రాత్రి గొల్లలకు కనిపించింది దూత, నక్షత్రం కాదు.

పాలమూరు_వెదురు: నా స్టార్ జోలికి రాకండి.

గద్వాల_వదిన: అడిగింది పసిపిల్ల గురించి, మీరు బైబిల్ పరీక్ష పెడ్తున్నరు. జ్ఞానులను రోజుకింత జరుపుడు మాత్రం మంచిగుంది, పండుగ పన్నెండు దినాలు సాగుతది. వేషం సంగతి: మొఖానికి మాస్కు వద్దు. పాప ముంగటనే నాయినకు గడ్డం కట్టండి, సగం భయం పోతది.

షాద్‌నగర్_బేకరీ: కేకు. మైదా కప్పు, చక్కెర పొడి ముప్పావు, నూనె అర కప్పు, గుడ్లు రెండు, పాలు పావు కప్పు, బేకింగ్ పౌడరు చిన్న చెంచా (టీ స్పూను). కుక్కర్ల ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, గ్యాస్కెటూ విజిలూ తీసి పది నిమిషాలు వేడి చేయాలె. తర్వాత కలిపిన పిండి గిన్నె లోపల పెట్టి సన్న మంట మీద 40 నిమిషాలు. అరగంట లోపల మూత తీస్తే నడుమ కుంగుతది. టూటీఫ్రూటీకి మైదా దొర్లిస్తే అడుక్కు పోదు. పాప పని అదే.

సూర్యాపేట_నర్సక్క: జీడిపప్పు పలుకులు వేయకండి, గొంతుకు అడ్డంపడ్తయి. పొడి చేసి కలపండి.

మిర్యాలగూడ_అమ్మ: బేకింగ్ పౌడరు లేకుంటే వంటసోడా నడుస్తదా?

షాద్‌నగర్_బేకరీ: ఉట్టి సోడా ఐతే సబ్బు రుచి వస్తది. పాలకు బదులు పావు కప్పు పెరుగు పోసి, సోడా పావు చెంచా మించకండి.