ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమాతో ఆఫ్‌షోర్ ఓడ ఎక్కొచ్చా? లక్షా నలభై వేలు కట్టాలా, వద్దా?

బ్రాడీపేట అన్న (గుంటూరు), శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా తమ్ముడు మెకానికల్ బీటెక్ అయ్యి ఏడాదిన్నర. హైదరాబాద్‌లో కోచింగ్ అని వెళ్ళాడు, నాలుగు నెలలకే వచ్చేశాడు. ఇప్పుడు బెజవాడలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఆరు నెలల ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, ఫీజు 1,40,000. కోర్సు అవగానే ఆఫ్‌షోర్ ఓడ (సముద్రంలో నూనె బావుల దగ్గర పనిచేసేది) మీద ఫైర్ సేఫ్టీ ఇంజినీరు ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఆఫీసు బయట పెద్ద ఫ్లెక్సీ, అందులో నారింజ రంగు డ్రెస్సు కుర్రాడు, వెనకాల హెలికాప్టరు. నాన్న మిర్చి యార్డులో గుమస్తా, అప్పు చేసైనా కడదాం అంటున్నాడు. మావాడు అప్పుడే ఆ డ్రెస్సు వేసేసుకున్నట్టు తిరుగుతున్నాడు. ఈ లైన్లో ఉన్నవాళ్ళు చెప్పండి, కట్టొచ్చా?

ఇంజిన్ రూమ్ కబుర్లు (ఊరు కృష్ణలంక, ప్రస్తుతం ముంబై హై, అరేబియా సముద్రంలో నూనె బావుల చోటు), శనివారం రాత్రి 10:02

కట్టొద్దు.

నేను యాంకర్ హ్యాండ్లింగ్ టగ్గు (రిగ్గుల లంగర్లు వేసి తీసే ఓడ) మీద సెకండ్ ఇంజినీరుని. పదకొండేళ్ళలో తొమ్మిది ఓడలు మారాను. ఒక్కదాని మీదా ఫైర్ సేఫ్టీ ఇంజినీరు అనే మనిషి తగల్లేదు. మంటొస్తే ఎవరెక్కడ ఉండాలో రాసిన మస్టర్ లిస్టు మెస్ రూమ్ గోడకే ఉంటుంది. మా ఓడ లిస్టు ప్రకారం గాలి సిలిండరు వీపున వేసుకుని లోపలికి వెళ్ళేది బోసన్ (డెక్ పనివాళ్ళ మేస్త్రి), ఒక ఆయిలర్ (ఇంజిన్ రూమ్ పనివాడు). వాళ్ళను నడిపించేది నేను. కుక్ స్ట్రెచర్ పట్టుకోవాలి. ఎక్స్‌టింగ్విషర్లు, హోసులు డెక్ ఆఫీసరు చూసుకుంటాడు. ఫైర్ పంపులు, మంటార్పే సీఓటూ గ్యాస్ సిలిండర్ల గది మా ఇంజిన్ వాళ్ళవి. నిప్పు పని అందరి నెత్తినా ఉంటుంది, దానికంటూ విడిగా జీతం తీసుకునేవాడు ఉండడు.

ఓడ సిబ్బందిగా ఎక్కాలంటే ఇండోస్ నంబరు (ఓడ ఉద్యోగుల గుర్తింపు నంబరు), సీడీసీ (ఓడ ఉద్యోగి పుస్తకం) కావాలి. దానికి ఎస్‌టీసీడబ్ల్యూ (ఓడ ఉద్యోగుల శిక్షణకు అంతర్జాతీయ నియమాలు) బేసిక్ సేఫ్టీ కోర్సులు చెయ్యాలి. అందులో ఫైర్ ఫైటింగ్ కూడా ఉంటుంది, కొద్ది రోజుల కోర్సు, ఐదేళ్ళకోసారి రిఫ్రెషర్. మీ తమ్ముడి డిప్లొమా ఎన్ని నెలలదైనా, ఎంత పెద్ద ఫ్రేము కట్టించినా ఆ కోర్సుకి బదులుగా చెల్లదు. ఈ ముక్క ఫ్లెక్సీ మీద రాయరు.

సేఫ్టీ సారు (తెనాలి), శనివారం రాత్రి 10:40

ఇంజిన్ రూమ్ అన్న చెప్పింది సగం నిజం. రెండో సగం నేను చెప్తా.

ఆఫ్‌షోర్‌లో రెండు రకాల మనుషులు ఉంటారు. ఓడను నడిపేవాళ్ళు ఒకరు, ఓడ మీద ఉండి ప్రాజెక్టు పని చేసేవాళ్ళు ఇంకొకరు. వెల్డర్లు, బరువులెత్తించే రిగ్గర్లు, పరంజా కట్టే స్కాఫోల్డర్లు, సేఫ్టీ ఆఫీసర్లు, ఫైర్ వాచర్లు రెండో రకం. నేను అందులోనే ఉన్నా. అకామడేషన్ బార్జి (పనివాళ్ళు ఉండే తేలే బస) మీద హెచ్ఎస్ఈ ఆఫీసర్ని, అంటే ఆరోగ్యం, భద్రత, పర్యావరణం చూసేవాణ్ణి. మొదలుపెట్టింది మాత్రం ఇలాంటి డిప్లొమాతోనే. కాబట్టి అసలు పనికిరాదు అంటే ఒప్పుకోను.

ఇంజిన్ రూమ్ కబుర్లు, శనివారం రాత్రి 10:47

డిప్లొమా అయిన ఎన్నాళ్ళకు బార్జి ఎక్కారు సార్? అది కూడా చెప్పండి.

సేఫ్టీ సారు, శనివారం రాత్రి 11:15

ఆరేళ్ళు. దాచేదేముంది.

మొదటి రెండేళ్ళు రిఫైనరీ షట్‌డౌన్లలో (రిపేర్లకని ప్లాంటు ఆపినప్పుడు) ఫైర్ వాచర్ని. ఆ పని ఏంటంటే, వెల్డర్ పక్కన ఎక్స్‌టింగ్విషరు పట్టుకుని పన్నెండు గంటలు నిలబడాలి. రవ్వలు కిందికి పోకుండా ఫైర్ బ్లాంకెట్ సర్దాలి. గ్యాస్ మీటరు కూత పెడితే పని ఆపించాలి. వెల్డరు సామాన్లు సర్దుకుని టీకి వెళ్ళిపోయాక కూడా ఇంకో అరగంట అక్కడే కాపలా, ఎక్కడన్నా నివురు కప్పిన నిప్పు ఉందేమోనని. జీతం పద్నాలుగు వేలు. తర్వాత సేఫ్టీ స్టీవార్డు, గల్ఫ్‌లో రెండేళ్ళు, నెబోష్ అనే బ్రిటన్ సేఫ్టీ పరీక్ష రెండోసారికి పాసయ్యా. ఆ తర్వాతే బోసియెట్ చేసి సముద్రం మీదికి వెళ్ళా.

బోసియెట్ అంటే మూడు రోజుల కోర్సు, నాలుగేళ్ళు చెల్లుతుంది. అందులో హెలికాప్టరు నీళ్ళలో పడితే బయటపడటం నేర్పుతారు. డొల్ల క్యాబిన్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి, స్విమ్మింగ్ పూల్లోకి దించి తలకిందులుగా తిప్పేస్తారు. ముక్కులోకి నీళ్ళు పోతాయి, పైకేదో కిందికేదో తెలియదు. ఒక చెయ్యి కిటికీ అంచు మీద, ఇంకో చెయ్యి బెల్టు బకిల్ మీద. కంగారులో ముందు బెల్టు విప్పామా, ఇక కిటికీ దొరకదు. చిన్నప్పుడు కృష్ణ కాలవలో ఈతలు కొట్టినవాణ్ణి, నాకే మొదటిసారి చెయ్యి జారింది. ఫ్లెక్సీ మీది హెలికాప్టరు చూసినప్పుడల్లా నాకు ఆ పూలే గుర్తొస్తుంది.

ఆటోనగర్ వెల్డరు, శనివారం రాత్రి 11:31

ఫైర్ వాచరుకి 14 వేలా! నేను ఆటోనగర్లో లారీ చాసిస్ అతికిస్తే నెల తిరిగేసరికి అంతకు రెండింతలు. పక్కన ఎక్స్‌టింగ్విషరు పట్టుకునేవాడు మాత్రం ఉండడు, బక్కెట్లో నీళ్ళే దిక్కు.

పటమట పాపారావు, ఆదివారం ఉదయం 7:20

ఎందుకండీ ఈ సముద్రాల గోల. 2005 జులైలో ముంబై హై నార్త్ ప్లాట్‌ఫామ్ (సముద్రంలో నూనె, గ్యాస్ తీసే కట్టడం) తగలబడి 22 మంది పోయారు. 2021 మేలో తుఫానుకి పీ-305 బార్జి మునిగి డెబ్బై మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది కాంట్రాక్టు పనివాళ్ళే. మన వైజాగ్ పక్కనే 2019 ఆగస్టులో కోస్టల్ జాగ్వార్ అనే సపోర్ట్ ఓడ అంటుకుంటే ఉన్న 29 మందీ సముద్రంలోకి దూకారు. పిల్లాణ్ణి మిర్చి యార్డులోనే పెట్టుకోండి, కారంతో కళ్ళు మండినా మనిషి సాయంత్రానికి ఇంటికొస్తాడు.

ఇంజిన్ రూమ్ కబుర్లు, ఆదివారం ఉదయం 11:05

పాపారావు గారూ, భయపెట్టి మాన్పించడం నాకిష్టం లేదు. మోసపోవద్దనే అన్నాను, సముద్రం మీదికే రావద్దని అనలేదు.

మీరు చెప్పిన 2005 ప్రమాదం ఎలా మొదలైందో తెలుసా? సముద్ర సురక్ష అనే ఓడలో వంటాయన వేళ్ళు తెగాయి. వానాకాలం, హెలికాప్టర్లు ఎగరట్లేదు. ఆయన్ని క్రేన్ బుట్టలో ప్లాట్‌ఫామ్ మీదికి ఎక్కించడానికి ఓడను దగ్గరికి తెచ్చారు. అల తోసింది, ఓడ వెళ్ళి సముద్రం అడుగు నుంచి పైకొచ్చే గ్యాస్ రైజర్ గొట్టానికి తగిలింది. రెండు గంటల్లో ప్లాట్‌ఫామ్ లేదు. అక్కడ మంటలార్పడం వచ్చినవాళ్ళకు కొదవ లేదు. అంత గ్యాస్ అంటుకున్నాక డిప్లొమా ఉన్నవాడూ లేనివాడూ ఒకటే.

పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫామ్ సంగతీ అంతే. 1988 జులై 6న, బ్రిటన్ వైపు నార్త్ సీలో 167 మంది పోయారు. పగటి షిఫ్టు వాళ్ళు ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ చోట బిళ్ళ బిగించారు. ఆ సంగతి రాసిన పర్మిట్ కాగితం రాత్రి షిఫ్టు కంటపడలేదు, పంపు స్టార్ట్ చేశారు. నీళ్ళలోకి డైవర్లు దిగుతుంటారని ఫైర్ పంపుల్ని ఆటోమేటిక్‌లోంచి తీసి మాన్యువల్‌లో పెట్టి ఉంచారు. పంపులున్నాయి, నీళ్ళు రాలేదు. సేఫ్టీ సారు పర్మిట్ల మీద సంతకాలు పెట్టే మనిషి, ఆయన పని విలువ నాకు తెలుసు. ఆ విలువ ఆరేళ్ళు సైట్ల మీద నిలబడితే వచ్చింది.

నా సంగతి కూడా ఒకటి. అప్పట్లో ఒక పాత ఓడ మీద థర్డ్ ఇంజినీరుని. రాత్రి రెండు దాటింది. జనరేటరు ఎగ్జాస్టు పైపు వేడి బయటికి రాకుండా చుట్టే లాగింగ్‌ని రిపేరుకని విప్పి మళ్ళీ చుట్టలేదు. రూలు ప్రకారం 220 డిగ్రీలు దాటి కాలే పైపు ఏదైనా కప్పి ఉండాలి. పక్కనున్న సన్న ఫ్యూయల్ పైపు చిట్లింది, డీజిల్ తుంపర వెళ్ళి ఆ ఎగ్జాస్టు మీద పడింది. భుగ్గుమన్న చప్పుడు ఇప్పటికీ చెవిలోనే ఉంది. నేను ఫోమ్ ఎక్స్‌టింగ్విషరు ఖాళీ చేశా, ఒక్క క్షణం తగ్గి మళ్ళీ లేచింది. శ్రీకాకుళం ఆయిలర్ ఒకాయన, చదువు పదో తరగతే, ఎక్స్‌టింగ్విషరు వైపు చూడనైనా చూడకుండా బయటికి పరిగెత్తి ఆ జనరేటరు క్విక్ క్లోజింగ్ వాల్వు లాగాడు. నూనె ఆగింది. ఓడంతా చీకటి, ఆ తర్వాత మంటా పోయింది. పైనుంచి కెప్టెన్ ఫోన్లో అరుస్తున్నాడు, లైట్లు పోయాయేంటని!

ఆ వాల్వు ఎక్కడుందో ఆయనకు ఎలా తెలుసంటే, ఓడ ఎక్కిన రోజే టార్చ్ పట్టుకుని అన్నీ తిరిగి చూసుకున్నాడు.

కృష్ణలంక కోడలు, ఆదివారం మధ్యాహ్నం 2:30

మా ఆయనా ఈ లైనే, ఇంజిన్ వైపు. నేను డబ్బుల గురించి, రోజుల గురించి చెప్తా. ఆరు వారాలు డ్యూటీ, ఆరు వారాలు ఇల్లు అని కాగితం మీద ఉంటుంది. బదులు ఎక్కాల్సిన రిలీవరు రాకపోతే అది పది వారాలైన రోజులున్నాయి. పాపకు బారసాల వీడియో కాల్లో జరిగింది, సిగ్నల్ పోయి పేరు పెట్టే ముక్క ఆయనకు వినపడనే లేదు. ఇంకోటి, ఓడ ఉద్యోగం అంటే ట్యాక్స్ ఉండదని చుట్టాలు అంటుంటారు. విదేశీ ప్రయాణాల్లో ఏడాదిలో ఆర్నెల్లకు పైగా దేశం బయట ఉన్నవాళ్ళ సంగతి అది. మన తీరంలోనే, మన నూనె బావుల దగ్గర చేసేవాళ్ళు కట్టాల్సిందే. ఆయన మాత్రం ఆ పని వదలడు. ఇంట్లో మిక్సీ ఆగితే చాలు, ఆ కళ్ళు వెలుగుతాయి.

సేఫ్టీ సారు, ఆదివారం సాయంత్రం 5:10

ఇంజిన్ రూమ్ అన్నా, నీకు నా పాయింటు అర్థం కాలేదు. నేను బీఎస్సీ. నాకు ఇంజిన్ వైపు తలుపే లేదు. నాలాంటి వాడికి డిప్లొమా ఒక కిటికీ. ఇప్పుడు కేజీ బేసిన్‌లో 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో ఆయిల్ మొదలైంది, కాకినాడ బేస్‌గా పని నడుస్తోంది. మన పిల్లలు ముంబై దాకా వెళ్ళక్కర్లేని రోజులు. అలాంటప్పుడు వద్దు, వద్దు అంటే ఎట్లా?

ఇంజిన్ రూమ్ కబుర్లు, ఆదివారం సాయంత్రం 6:25

మీకు కిటికీ, ఒప్పుకున్నా. కానీ ఈ కుర్రాడు మెకానికల్ బీటెక్. ఇతనికి తలుపే ఉంది. గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ (జీఎంఈ), ఒక ఏడాది కోర్సు. మార్కులు 50 శాతం ఉండాలి, ఇంగ్లిష్‌లోనూ అంతే, వయసుకీ హద్దు ఉంది, కళ్ళు బాగుండాలి. తర్వాత ఓడ మీద జూనియర్‌గా సీ టైమ్ (సముద్రం మీద పనిచేసిన కాలం), ఆ తర్వాత ఓడ ఇంజినీరుగా తొలి లైసెన్సుకి క్లాస్ ఫోర్ పరీక్ష. ఖర్చు ఈ డిప్లొమాకు కొన్ని రెట్లు. పైగా జీఎంఈ అయి ఓడ దొరక్క ఏడాది రెండేళ్ళు ఖాళీగా తిరిగినవాళ్ళు నాకే తెలుసు. అందుకని అదీ గ్యారంటీ అనను. ఏ కంపెనీ స్పాన్సర్ చేస్తుందో చూసుకోకుండా దానికీ డబ్బు కట్టొద్దు.

ఎందుకు తలుపు అంటున్నానంటే, మా ఓడ మీద రెండు ఫైర్ మానిటర్లున్నాయి. ప్లాట్‌ఫామ్ అంటుకుంటే దూరం నుంచి నీళ్ళు కొట్టేవి. ఒక్కోటి గంటకు 1200 ఘనపు మీటర్లు, 120 మీటర్ల దూరం. మన వీధిలోకొచ్చే 5 వేల లీటర్ల ట్యాంకరు పదిహేను సెకన్లలో ఖాళీ. బందరు కాలవ ఈ గట్టున పెట్టి తిప్పితే అవతలి రోడ్డు మీద ఆటోలన్నీ స్నానం చేస్తాయి. దాని పంపు మెయిన్ ఇంజిన్ నుంచే తిరుగుతుంది. దాన్ని క్లచ్ వేసి, ఇంజిన్ వేడెక్కకుండా గంటల తరబడి నడిపేది ఎవరు? ఇంజినీరే. ఫైర్ ఇంజినీరింగ్ మీద మనసుంటే అసలు పని ఇక్కడుంది.

సేఫ్టీ సారు, ఆదివారం సాయంత్రం 6:41

ఈ కుర్రాడి వరకు సరే. బీఎస్సీ వాళ్ళ విషయంలో నా మాట నాదే.

ఇంజిన్ రూమ్ కబుర్లు, ఆదివారం సాయంత్రం 6:50

బ్రాడీపేట అన్నా, రేపు ఆ ఆఫీసుకు వెళ్ళి రెండే రెండు అడగండి. మీకు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు ఉందా అని. ఓడ మీదికి మనుషుల్ని పంపేవాళ్ళకు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చేది అది, సైట్లో పేరు వెతికితే తెలుస్తుంది. అలా పంపేవాళ్ళు ఉద్యోగానికని కుర్రాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు. రెండోది, గ్యారంటీ అన్న మాట రసీదు మీద రాసిస్తారా అని.

బ్రాడీపేట అన్న, సోమవారం రాత్రి 8:55

వెళ్ళొచ్చా. లైసెన్సు అంటే గోడకున్న ఐఎస్ఓ సర్టిఫికెట్ చూపించారు. ఆర్‌పీఎస్‌ఎల్ అంటే, అది మా ముంబై పార్టనర్‌కి ఉందన్నారు. పేరు అడిగితే అడ్మిషన్ అయ్యాక చెప్తారట.

అసలు సంగతి బయటికొచ్చాక తెలిసింది. మావాడు శుక్రవారమే 20 వేలు అడ్వాన్సు కట్టేశాడు, అమ్మ దగ్గర తీసుకుని. నేను ఇక్కడ శనివారం అడిగా. రసీదు ఇప్పుడు నా చేతిలోనే ఉంది. దాని మీద ఓడ మాట లేదు, ఉద్యోగం మాట లేదు. ‘ట్రైనింగ్ ఫీజు, తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. నాన్నకు ఇంకా చెప్పలేదు.

ఇంజిన్ రూమ్ కబుర్లు, సోమవారం రాత్రి 9:03

తమ్ముణ్ణి తిట్టకండి. గ్యారంటీ అని వాట్సాప్‌లో గానీ ఫోన్లో గానీ వాళ్ళు పంపిన మెసేజ్‌లు ఉంటే ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దని చెప్పండి. రసీదు ఫోటో నాకు పర్సనల్‌గా పెట్టండి, పేర్లు కొట్టేసి. వచ్చే వారం సైనాఫ్ (ఓడ దిగడం), కోణార్క్ రైల్లో బెజవాడ దిగుతా. అతన్ని తీసుకుని ఒకసారి మా ఇంటికి రండి.