ఇంట్లో కనబడిన డబ్బు తీసుకోవడం: మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల విషయంలో ఏం చేయాలి?

ఇంటి ఖర్చుల డబ్బాలోది అందరిదీ. బల్ల మీద, చొక్కా జేబులో ఉన్నది మాత్రం పెట్టినవాళ్లదే. చిక్కంతా "సాయంత్రం పెట్టేద్దాంలే" అని తీయడంతోనే. రాసుకోకపోతే రెండు రోజులకే ఎంత తీశామో గుర్తుండదు, అనుమానం ఏ పాపం తెలియనివాళ్ల మీదకు పోతుంది. అదే అన్నిటికన్నా అన్యాయం. అత్యవసరమైతే ముందు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే నోట్లున్న చోటే తేదీ, మొత్తం, పేరు రాసిన చీటీ పెట్టాలి.

కానీ మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు "తీసుకో" అన్న మాటే మరిచిపోతారు, చీటీ ఎక్కడో పారేస్తారు. అలాంటప్పుడు ఇంకొకరి ఎదుట లెక్కపెట్టి పుస్తకంలో ఇద్దరూ సంతకం చేస్తే చాలా? లేక వాళ్ల డబ్బు అసలు ముట్టుకోకూడదా? ఇలా చూసుకుంటున్నవాళ్లు దయచేసి చెప్పండి.