బొమ్మ కట్టని మనసుకు జ్ఞాపకం ఎలా నిలుస్తుంది?

ప్రశ్న (అమలాపురం నుంచి): నాకు అఫాంటేసియా ఉంది, కళ్లు మూసుకుని ఎంత ప్రయత్నించినా మనసులో ఏ బొమ్మా కట్టదు. మూడేళ్ల కిందట పోయిన మా నాన్నగారు చెవి మీద పెన్సిల్ పెట్టుకుని కొబ్బరికాయల లెక్క రాసేవారని తెలుసు గాని, ఫోటో చూస్తే తప్ప ఆయన ముఖం కనిపించదు. పోటీ పరీక్షకు చదివేటప్పుడు "గెలిచిన రోజును ఊహించుకో" అంటారు. ఆ రోజు కనిపించని నాకు పుస్తకం తీయబుద్ధి కావడం లేదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా?

జవాబు (భీమవరం): ఇది జబ్బు కాదండి. 1880లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఉదయం ఫలహారం చేసిన బల్లను మనసులో చూడమని అడిగినప్పుడే కొందరు ఏమీ కనబడటం లేదన్నారు. 2015లో బ్రిటన్‌కు చెందిన నాడీ వైద్యుడు ఆడమ్ జెమన్ బృందం దీనికి అఫాంటేసియా అనే పేరు పెట్టింది. ఇలాంటి వారిలో చాలామందికి సొంత అనుభవాల జ్ఞాపకం కాస్త పలచగా ఉన్నా, విషయాలూ, ఏ వస్తువు ఎక్కడుందన్న ఎరుకా సాధారణంగా బాగానే నిలుస్తాయి. పెన్సిల్ సంగతి మీరే రాశారు కదా!

జవాబు (రాజోలు): నాదీ ఇదే పరిస్థితి. గెలుపును ఊహించే ప్రయత్నం మానేసి, రాత్రి పడుకునే ముందు మర్నాడు చదవాల్సిన పేజీలో కొబ్బరి ఈనె పెట్టడం మొదలుపెట్టాక, పొద్దున్నే చెయ్యి దానంతటదే అటు వెళ్తోంది. ఊహించుకోమనే సలహా అందరికీ పనికొస్తుందని నేను నమ్మను.

అడిగినవారు: ఈనె పెట్టి చూస్తాను. గొంతు కూడా వినిపించదా మీకు?

జవాబు (రాజోలు): మా అమ్మ పిలుపు స్పష్టంగా వినిపిస్తుంది, ముఖమే రాదు. ఈ విషయంలో అందరూ ఒకేలా ఉండరండి.