పెద్ద వీఎస్‌డీ ఆపరేషన్ తర్వాత ఐసీయూలో ఎన్ని రోజులు?

పాప అమ్మ, నల్గొండ:
అందరికీ నమస్కారం. మా పాపకి ఎనిమిది నెలలు, బరువు 5.4 కిలోలు. గుండెలో పెద్ద రంధ్రం, వీఎస్‌డీ. పాలు తాగుతూనే ఆయాసపడి వదిలేస్తుంది, నుదురంతా చెమట. వచ్చే వారం హైదరాబాద్‌లో ఆపరేషన్. ఐసీయూలో 3 నుంచి 5 రోజులన్నారు సర్జన్ గారు. ఓపీలో ఒకావిడ వాళ్ల బాబు మూడో రోజే వార్డుకొచ్చాడంది. ఇంకొకాయన వాళ్ల పాప రెండు వారాలు ఉందన్నారు. అందరిదీ ఇదే రంధ్రం! రూమ్ తీసుకోవాలి, మా ఆయన లీవు పెట్టాలి, పెద్దోణ్ణి మా అమ్మ దగ్గర వదలాలి. ఏ లెక్కన చూసుకోవాలి?

బాబు నాన్న, ఖమ్మం:
మావాడిది టెట్రాలజీ, అంటే గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండేది. వేరే ఆపరేషన్ కాబట్టి రోజులు పోల్చను. మొదటిసారి లోపలికి పంపినప్పుడు మొహం ఉబ్బి, కళ్లు మూసుకుపోయి గుర్తుపట్టలేకపోయాం. తర్వాత దానంతటదే తగ్గింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

రిటైర్డ్ సిస్టర్:
పిల్లల గుండె ఐసీయూలో చాలా ఏళ్లు చేశానమ్మా. రంధ్రం ఒకటే అయినా ఊపిరితిత్తుల పరిస్థితి అందరికీ ఒకలా ఉండదు. ఇన్ని నెలలూ అక్కడికి రక్తం ఎక్కువగా పోయి ప్రెషర్ పెరిగి ఉంటే వెంటిలేటర్ మెల్లగా తప్పిస్తారు. లేకపోతే అదే రాత్రో మర్నాడో ట్యూబ్ తీసేస్తారు. బరువు బాగా తక్కువున్నా, ముందు నిమోనియా వచ్చినా, డౌన్ సిండ్రోమ్ ఉన్నా ఆలస్యం అవ్వచ్చు.

ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని హార్ట్‌లంగ్ మెషీన్ చేస్తుంది. అలా ఆపరేషన్ అయ్యాక మొదటి రాత్రి గుండె పంపింగ్ కాస్త మందగించడం మాకు అలవాటే. అందుకే సిరంజి పంపుల్లో మిల్రినోన్ లాంటి, గుండె పంపింగ్‌కి సాయపడే మందులు నడుస్తుంటాయి. మేం గంటగంటకీ చూసేది మూత్రం. కిలోకి గంటకి ఒక ఎంఎల్ రావాలి, అంటే మీ పాపకి ఒక చిన్న చెంచాడు. ఆ బ్యాగ్‌లో అది పడుతుంటే మా ప్రాణం కుదుటపడుతుంది. పాదాలు కూడా పట్టుకు చూస్తాం, వెచ్చగా ఉంటే రక్తం బాగా అందుతున్నట్టు. కొందరికి గుండె లయ తప్పి మరీ వేగంగా కొట్టుకుంటుంది, అప్పుడు కావాలనే ఒళ్లు చల్లబరుస్తారు. మీరు దుప్పటి కప్పబోతే సిస్టర్ వద్దంటే కోప్పడకండి!

రోజూ "ఇంకెన్ని రోజులు" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, చెప్పలేరు కూడా. ట్యూబ్ తీశారా, పంపులు ఎన్ని తగ్గాయి, పాలు మొదలుపెట్టారా, ఛాతీ డ్రెయిన్ (లోపలి రక్తం, నీరు బయటికి పోయే గొట్టం) తీశారా అని అడగండి. అవి ఒక్కొక్కటే వదులుతుంటే వార్డు దగ్గరపడినట్టే.

రూమ్ పది రోజులకి, అవసరమైతే పొడిగించేలా మాట్లాడుకోండి. ఆరోగ్యశ్రీ అయితే, ఐసీయూ రోజులు పెరిగితే ఏం చేయాలో ఆరోగ్యమిత్రని ఇప్పుడే అడగండి. తల్లిపాలే అయితే పాపకి పట్టని రోజుల్లోనూ పిండుతూనే ఉండండి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. ఇంటికొచ్చాక ఓ ఆరు వారాలు చంకల కింద చేతులు పెట్టి ఎత్తకండి. మెడ కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి. ఈ మాట అమ్మమ్మకి, నానమ్మకి రెండుసార్లు చెప్పాలి.

పాప అమ్మ, నల్గొండ:
చాలా థాంక్స్ అక్కా, టెన్షన్ కొంచెం తగ్గింది. ఇంకోటి. నిన్నటి నుంచి పాపకి ముక్కు కారుతోంది. జ్వరం లేదు. చెప్తే డేట్ వెనక్కి పోతుందేమోనని మా ఆయన భయం.

రిటైర్డ్ సిస్టర్:
ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఈ జలుబు వైరస్‌ల వల్ల కూడా వెంటిలేటర్ మీద రోజులు పెరగొచ్చు. మత్తు డాక్టర్ చూసి, అవసరమైతే కొన్ని వారాలు వాయిదా వేస్తారు. అప్పటిదాకా రూమ్‌కి అడ్వాన్స్ కట్టకండి.